అపరాధ పరిశోధక నవలలును క్రైస్తవ విద్యార్థియు

ప్రతి సంవత్సరమును వేసవి సెలవులకు ముందుగా వసతిగృహములోని పెట్టెలను విప్పించి చూచుట మా పాఠశాలలో చిరకాలముగా నున్న వాడుక. ఆ దినమున పెట్టెలనుండి వెలువడు వస్తువులు పెక్కు. ఇంటినుండి వచ్చిన ఆవకాయ జాడీ, పోయినదనుకొన్న తరగతి పటము, ఒంటి మేజోడు, వీని యన్నిటి క్రింద చొక్కా మడతలలో, అట్ట చినిగిన నవలలు రెండో మూడో తప్పక యుండును. వానిలో నెక్కువ భాగము హత్యలను, దొంగతనములను, నేరస్థులను వెదకి పట్టుకొను పరిశోధకులను గూర్చిన కథలే. క్రైస్తవ విద్యార్థి యిట్టి పుస్తకములను చదువవచ్చునా యని తల్లిదండ్రులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. విద్యార్థు లడుగరు, వారు చదివివేయుదురు. ఈ రెండు తెగలవారికిని పనికివచ్చునట్లు మాకు తోచినదానిని ఈ సంచికయందు విన్నవింప దలచితిమి.

అవునని గాని కాదని గాని యొక్కమాటలో చెప్పివేయుట సులభము. మేమును ఒకప్పు డట్లే చెప్పితిమి. దానివలన నేమి జరిగినదో ముందుగా చెప్పెదము.

మేము శిక్షణ కళాశాలను విడిచి ఉద్యోగమున చేరిన తొలి యేండ్లలో ఒక వసతిగృహమునకు పర్యవేక్షకులముగా నుంటిమి. ఒక రాత్రి చదువువేళ తొమ్మిదవ తరగతి బాలు డొకడు సాంఘికశాస్త్రమును మిక్కిలి శ్రద్ధతో చదువుచుండెను. సాంఘికశాస్త్రమునం దంతటి శ్రద్ధను మేమెన్నడు నెఱుగము గనుక దగ్గఱకు పోయి చూచితిమి. ఆ పుస్తకము నడుమ వేఱొక పుస్తక ముండెను. అట్టమీద ఎఱ్ఱని యక్షరములు, ఒక పిస్తోలు, భయముతో నోరు తెఱచిన యొక స్త్రీ. మఱేమియు నడుగక దానిని తీసికొనిపోయి వంటశాల పొయ్యిలో వేసితిమి. తోడి బాలు రందఱును చూచుచుండిరి. వారు చూడవలెననియే అట్లు చేసితిమి.

మఱునాడు ఉదయ ప్రార్థన ముగిసిన పిమ్మట ఆ బాలుడు మాయొద్దకు వచ్చి, "మాష్టారూ, ఆ పుస్తకమును తమరు చదివియున్నారా?" యని యడిగెను. లేదంటిమి. "అట్లయిన హంతకు డెవడో తమకును తెలియదు గాబోలు. ఇంక పది పుటలే మిగిలియుండెను" అనెను. అది అవిధేయత యని తలచి మందలించి పంపితిమి. వాడు మమ్ము ధిక్కరింపలేదనియు, నిజముగనే తెలిసికొనగోరి యడిగెననియు నాలోచన పిమ్మట కలిగినది. వాని ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేదు. చదువని పుస్తకముపై తీర్పు చెప్పి, శిక్షను గూడ నమలుపఱచియుంటిమి. ఆ నవల వాని మేనమామదనియు, దాని వెల తీర్చుటకై వాడు ఇంటివారిచ్చిన చిల్లరడబ్బులను కూడబెట్టెననియు చాల కాలమునకు తెలిసినది. పదవ తరగతి ముగియువఱకును వాడు మా యెదుట నవలను పట్టలేదు. కాని చదువుట మానలేదు, దాచుట నేర్చెను. పుస్తకములనే గాక తన కష్టసుఖములను గూడ మాయొద్ద దాచెను. దీనినే మేము నేటికిని మఱువలేకున్నాము.

ఆ రాత్రి మేము చేసినదానికి మనస్సులో నొక యాధార ముండెను. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు విశ్వాసులు మాంత్రిక విద్యల పుస్తకములను కాల్చిన వృత్తాంతము కలదు. వాని వెల ఏబదివేల వెండి నాణెములు. ఆ యధ్యాయమును మఱల చదివినప్పుడు పూర్వము మా కంటబడని దొకటి కనబడెను. వారు కాల్చినవి తమ పుస్తకములు. ఒకరి పుస్తకమును మఱొకరు లాగికొని కాల్చలేదు. పౌలు కాల్చుమని యాజ్ఞాపించినట్లును అచ్చట వ్రాయబడలేదు. మనస్సు మాఱినందున చేతులు తమంతట తామే మంటయొద్దకు పోయినవి. మేమన్ననో మనస్సును తాకక పుస్తకమును మాత్రమే కాల్చితిమి.

ఇక ఈ నవలల పుట్టుపూర్వోత్తరములను గొంచెము తెలిసికొందము. ఈ తెగ కథలకు ఆద్యుడని అమెరికా దేశీయుడగు ఎడ్గార్ అలన్ పో నెన్నుదురు. 1841లో ఆయన ప్రకటించిన కథలో డూపిన్ అను నతడు పారిస్ నగరమున జరిగిన జంటమరణముల మర్మమును బుద్ధిబలముచే విప్పును. 1887లో ఆర్థర్ కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును లోకమునకు పరిచయము చేసెను. 1893లో ఆయన తన కథానాయకుని చంపివేయగా చదువరులు సమ్మతింపలేదు. పదియేండ్లలో మఱల బ్రతికింపవలసివచ్చెను. 1920లో తొలి నవలను ప్రకటించిన ఆగాథా క్రిస్టీ అర్ధశతాబ్దికి పైగా నీ మార్గముననే నడచెను. మన తెలుగునం దిరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్ మొదలగువారు ఇట్టి నవలలను పెక్కింటిని వ్రాసిరి. కొమ్మూరివారి పరిశోధకుడగు యుగంధరును, అతని సహాయకుడగు రాజును, మధుబాబు నవలలలోని గూఢచారి షాడోను ఆ తరమువారిలో నెఱుగనివా రరుదు. రైలు నిలయములలోని పుస్తకముల బండ్లును, వీథులలోని అద్దె పుస్తకముల దుకాణములును వీనిని పల్లెపల్లెకు చేర్చెను. ఆ దుకాణములు చాలవఱకు మూతబడినవి. అయినను కథలు పోలేదు. చేతిలోని ఫోనులోనికి వచ్చి చేరినవి. పూర్వము నవలను దాచుటకు పాఠ్యపుస్తకము కావలసియుండెను. నేడు వ్రేలితో నొక్కసారి తాకిన జాలును, నవల మాయమై పాఠము ప్రత్యక్షమగును. కావున పెట్టెలు విప్పించి చూచు నుపాధ్యాయునికి నేటి కాలమున దొరకునది ఆవకాయ మాత్రమే.

ఈ కథల కట్టడ మించుమించు ఒక్కటియే. మొదట నొక నేరము జరుగును. అయిదారుగురిపై అనుమానము కలుగును. ఆధారము లొక్కటొక్కటిగా మన కన్నులముందే పడియుండును. మనము చూచియు చూడము. కడపట పరిశోధకు డందఱిని ఒకచోట కూర్చుండబెట్టి, వారిలో నొకని వంక వ్రేలు చూపును. రోనాల్డ్ నాక్స్ అను రోమన్ కథోలిక గురువు 1929లో నిట్టి కథలకు పది నియమములను కూర్చెను. అపరాధి కథారంభముననే కనబడవలెననియు, మానవాతీత శక్తులచే ముడి విప్పరాదనియు, పరిశోధకునికి దొరకిన యాధారమును చదువరికి దాచరాదనియు వానిలో ముఖ్యమైనవి. ఈయనయే తరువాత బైబిలు గ్రంథమును ఇంగ్లీషులోనికి అనువదించెను. కథకుడు చదువరిని మోసగింపరాదను నియమమును ఒక గురువు వ్రాయుట యుచితముగనే యున్నది.

ఇట్టి కథలపై భక్తులకు శంక కలుగుట క్రొత్తగాదు. జాన్ బన్యన్ బాల్యమున వీథులలో నమ్ము వీరకథలను విరివిగా చదివెను. పరిశుద్ధ గ్రంథముకంటె తనకు ఆ కథలే రుచించినవని 1658లో ప్రకటించిన యొక పుస్తకమున పశ్చాత్తాపముతో నొప్పుకొనెను. ఆయనయే 1678లో, మన తెలుగు క్రైస్తవుల యిండ్లలో "యాత్రికుని ప్రయాణము" అను పేర నున్న గ్రంథమును ప్రకటించెను. దానిని అచ్చువేయింపుమని కొందఱు స్నేహితులును, వలదని కొందఱును చెప్పిరని దాని పీఠికలో వ్రాసికొనెను. కల్పితకథ దేవుని సత్యమునకు తగిన వాహనమా యని వారి సందేహము. ఆ గ్రంథములోని రాక్షసుని కోటను, ఖడ్గయుద్ధమును చదువునప్పుడు చిన్ననాటి వీరకథల ఛాయ తోపకమానదు. బాల్యమున తన్ను వాక్యమునుండి దూరము చేసినదానినే ఆయన పెద్దవాడైన పిమ్మట వాక్యసేవకు వినియోగించెను.

మఱియొక యుదాహరణము. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో బాలురకొఱకు పెన్నీ వెలకు నెత్తుటి కథలు అమ్మబడుచుండెను. పెద్దలు వానిని నిందించిరి. బాలురు కొనుచునే యుండిరి. 1799లో స్థాపింపబడిన రిలిజియస్ ట్రాక్ట్ సొసైటీవారు నిందించి యూరకుండలేదు. 1879లో "బాయ్స్ ఓన్ పేపర్" అను పత్రికను స్థాపించి, సాహసకథలను మంచి రచయితలచే వ్రాయించి బాలుర చేతికిచ్చిరి. ఆ పత్రిక 1967 వఱకు నడచెను. ఆకలిగొన్న బాలునికి చెడిన యన్నమును తినవద్దనుట ధర్మమే. మంచి యన్నమును వడ్డించుట అంతకుమించిన ధర్మము.

ఇంతమాత్రముచే ఈ నవలలలో దోషము లేదని మా యభిప్రాయము గాదు. దోషములు కలవు. వానిని వరుసగా చెప్పెదము.

మొదటిది కాలహరణము. ఈ కథలు చదువరిని విడువవు. విడువకుండునట్లే వ్రాయబడినవి. డబ్ల్యు. హెచ్. ఆడెన్ అను ప్రసిద్ధ క్రైస్తవ కవి 1948లో వ్రాసిన వ్యాసమున, అపరాధ కథలు తనకు పొగాకువలెను మద్యమువలెను వ్యసనమైనవని దాపఱికము లేక చెప్పెను. అంతటి విద్వాంసునికే యట్లయిన, రేపటి పరీక్షను తలగడక్రింద నుంచుకొన్న బాలుని గతి యేమి? రాత్రి రెండు గంటలవఱకు హంతకుని వెదకి, ఉదయ ప్రార్థనలో నిద్రించువానికి ఆ నవల పాపగ్రంథము గాకపోయినను పాపకారణమే.

రెండవది, మరణము వినోదమగుట. పెక్కు నవలలలో అయిదవ పుటకే శవము దొరకును. దాని కొఱకు ఏడ్చువా డొక్కడును ఉండడు. అది మనుష్యుడు గాదు. ఒక పొడుపుకథలోని మొదటి మాట మాత్రమే. ఆదికాండము 4వ అధ్యాయమును దీనితో పోల్చి చూడుడు. హేబెలు చంపబడినప్పుడు హంతకుడెవడను ప్రశ్న దేవునికి లేనే లేదు. ఆయన కయీనును తమ్మునిగూర్చి యడిగెను. నేలనుండి మొఱపెట్టు రక్తమును గూర్చి చెప్పెను. పరిశుద్ధ గ్రంథమున చచ్చినవానికి స్వరము గలదు. ఏ నవలలో చచ్చినవానికి స్వరము లేదో ఆ నవల మన హృదయమును కొంచెము కొంచెముగా రాయి చేయును.

మూడవది, కామోద్రేకమును క్షుద్రవిద్యలను సరకుగా నమ్ముకొను రచనలు. అట్టమీద హత్య, లోపల మఱొకటి యుండు పుస్తకములు కలవు. చేతబడులను, భూతములను నమ్మించి భయపెట్టునవియు కలవు. ఇట్టి విద్యలను విచారించుట ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయమున స్పష్టముగా నిషేధింపబడినది. వీనివిషయమున మాకు రెండభిప్రాయములు లేవు. బురదలో కాలు పడినదని తెలిసిన పిమ్మట దాని లోతు కొలువ నక్కఱలేదు. పుస్తకమును మూసివేయవలెను.

నాలుగవ దోషము కంటికి కనబడనిది. మా యభిప్రాయమున నిదియే అన్నిటికంటె పెద్దది. కథ ముగియునప్పు డేమగుచున్నదో గమనింపుడు. ఆరుగురిపై అనుమాన ముండెను. ఒక్కడు దోషి యని తేలెను. తక్కిన యైదుగురును ఊపిరి పీల్చుకొని యిండ్లకు పోయిరి. వారితోకూడ చదువరియు పోవును. తా నొక్కడే గాక లోకమంతయు నిర్దోషమైనట్లును, చెడుగంతయు ఆ యొక్కనిలోనే కూడియుండి వానితోకూడ చెఱసాలకు పోయినట్లును అతనికి తోచును. పుస్తకమును మూసి సుఖముగా నిద్రించును. సువార్త చెప్పున దిది గాదు. రోమీయులకు వ్రాసిన పత్రికయొక్క మూడవ అధ్యాయమున ఆ గదిలో కూర్చున్న యందఱి వంకకును వ్రేలు చూపబడినది. నిర్దోషి యొక్కడు మాత్రమే కలడు. ఆయనయే అందఱి శిక్షను భరించెను.

దోషములను చెప్పితిమి. ఇప్పుడు గుణములను జెప్పకున్న మఱల చదువకయే తీర్పు చెప్పిన వారమగుదుము.

చక్కని అపరాధ కథ సత్యముపై నమ్మిక గలది. సత్యమొకటి కలదనియు, దాని నెంత లోతున పాతిపెట్టినను బయలుపడుననియు అది నమ్మును. ఎవరి సత్యము వారిదే యని పలుకు నీ కాలమున నిది చిన్న గుణము గాదు. ధ్యానింపదగినవానిని లెక్కించి ఫిలిప్పీయులకు వ్రాసినప్పుడు అపొస్తలుడు ఆ లెక్కలో సత్యమునే మొదట నుంచెను. మఱియు నిర్దోషిపై పడిన నిందను తొలగించుట ఈ కథల కిష్టమైన పని. డరతీ సేయర్స్ అను రచయిత్రి, ఆంగ్లికన్ గురువుగారి కుమార్తె, 1928లో అపరాధ కథల నొక సంపుటముగా కూర్చినప్పుడు ప్రాచీనమైన యుదాహరణముగా సూసన్న కథను చేర్చెను. మన ప్రొటెస్టెంటు బైబిలులో నా కథ లేదు; కథోలికుల బైబిలులో దానియేలు గ్రంథముతోకూడ నున్నది. ఇద్దఱు పెద్దలు ఒక సాధ్విపై అబద్ధసాక్ష్యము పలుకుదురు. జనులు వారి నెరసిన గడ్డములను చూచి నమ్ముదురు. యౌవనస్థుడగు దానియేలు ఆ యిద్దఱిని వేఱుచేసి, ఏ చెట్టుక్రింద చూచితిరని యొక్కొక్కని నడుగును. ఒకడొక చెట్టు పేరును, మఱొకడు వేఱొక చెట్టు పేరును చెప్పుదురు. ఆమె ప్రాణము దక్కును. గౌరవనీయుల మాట యని నమ్మక సాక్ష్యమును పరీక్షించుమని యిది నేర్పును. సాక్ష్యమును పరీక్షింపకయే శిక్ష విధించిన యొక పర్యవేక్షకుని మీ రిదివఱకే యెఱుగుదురు.

ఉపాధ్యాయులముగా మఱియొక మాటయు చెప్పవలసియున్నది. పుట చూడగనే తల ప్రక్కకు త్రిప్పుకొను బాలురు, రెండు నెలలు నవలలు చదివిన పిమ్మట తడబాటు లేక చదువుటను మేము చూచితిమి. ఈ కథలలో నొక్కవాక్యమును విడిచిన ముడి విడదు గనుక చదువరి ప్రతివాక్యమును చదువును. అట్టి శ్రద్ధతో మన బాలు రొక్క సువార్తను చదివిన నెంత బాగుండును!

భక్తిగల రచయితలు కొందఱు ఈ తెగ కథలనే చేపట్టి వ్రాసిరనుటయు గమనింపదగినది. వారిలో ముఖ్యుడు జి. కె. చెస్టర్టన్. ఆయన సృజించిన ఫాదర్ బ్రౌన్ 1910లో తొలిసారి కథలో కనబడెను. 1911లో తొలి సంపుటము వెలువడెను. 1930లో లండనులో నేర్పడిన అపరాధ కథారచయితల సంఘమునకు చెస్టర్టనే మొదటి యధ్యక్షుడు. ఫాదర్ బ్రౌన్ పొట్టివాడు, గుండ్రని మోమువాడు, చేతి గొడుగును సరిగా పట్టుకొనజాలనివాడు. ఈ పాత్ర పుట్టుకను చెస్టర్టన్ తన స్వీయచరిత్రమున చెప్పెను. జాన్ ఓకానర్ అను గురువుతో మాటలాడునప్పుడు, లోకములోని దుష్టత్వమును గూర్చి ఆయనకు తనకంటె నెంతో యెక్కువ తెలియునని గ్రహించి చెస్టర్టన్ విస్మితుడయ్యెను. ఆ సాయంకాలమే యిద్దఱు విద్యార్థులు, మఠమువంటి జీవితమున నుండు గురువులకు లోకపు చెడుగేమి తెలియునని యాక్షేపించిరి. చెస్టర్టనుకు నవ్వాగలేదట. దినదినమును పాపుల యొప్పుకోళ్లను వినువానికి తెలియని పాప మెక్కడిది?

తొలి కథలోనే ఒక దొంగ గురువు వేషము వేసికొని ఫాదర్ బ్రౌను వెంట నడచును. అతడు మాటలలో బుద్ధిని, తర్కమును తక్కువ చేయును. ఆ మాటవలననే అతడు నిజమైన గురువు గాడని బ్రౌన్ గ్రహించును; బుద్ధియు దేవుని వరమే గదా! ఆ దొంగను బ్రౌన్ పోలీసుల కప్పగించుటతో తృప్తిపడడు. తరువాతి కథలలో నొకదానియందు అతనికి హితవు చెప్పి, దొంగిలించిన వజ్రములను తిరిగి యిప్పించును. పిమ్మట ఆ దొంగయే మారుమనస్సు పొంది బ్రౌనునకు స్నేహితుడగును. హోమ్స్ అపరాధిని వెదకి పట్టుకొనును. బ్రౌన్ తప్పిపోయినవానిని వెదకి రక్షింపజూచును. ఈ భేదమును మన విద్యార్థులు గుర్తింపవలెను.

1927లో వెలువడిన సంపుటమున ఫాదర్ బ్రౌన్ తన రహస్యమును చెప్పును. ఆ హత్యల నన్నిటిని తానే చేసితి ననును! విన్నవారు నిశ్చేష్టులగుదురు. అతని తాత్పర్య మిది: హంతకుని వెలుపల నిలువబడి పురుగును చూచినట్లు చూచుట గాదు, వాని హృదయములో ప్రవేశించి, ఆ కోపము, ఆ యాశ తనలోనే యున్నట్లు కనుగొనువఱకు ధ్యానించును. అప్పుడు హంతకు డెవడో తెలియును. తాను హంతకుడు గాకుండుట దేవుని కృపయే యనియు తెలియును. మేము పైని చెప్పిన నాలుగవ దోషమునకు ఇంతకు మించిన యౌషధము లేదు.

సమూయేలు రెండవ గ్రంథము 12వ అధ్యాయమున నాతాను ప్రవక్త దావీదునకు చెప్పినదియు నొక యపరాధ కథయే. అనేకమైన మందలుగల ధనికుడు ఒక బీదవాని యొక్కగొఱ్ఱెపిల్లను పట్టి చంపించెను. దావీదు చక్కని చదువరివలె విని, ఉగ్రుడై, వాడు మరణపాత్రుడని తీర్పు చెప్పెను. ఆ ధనికుడు మఱెవ్వడో కాదు, సింహాసనముపై కూర్చున్న రాజే యని ప్రవక్త అప్పుడు చెప్పెను. కథ వినుచున్నంతసేపు వ్రేలు పరుని వంకకే యుండెను. కడపట నది తిరిగెను. ఊరియా రక్తమునకు స్వరము వచ్చెను. కల్పితకథను దేవుని ప్రవక్త వాడెనా యని సందేహించువారికి దీనికంటె ప్రత్యుత్తరము వలదు. ఆ కథ రాజును రంజింపజేయలేదు, మోకాళ్లపై పడవేసినది.

ఇంతవఱకు చెప్పినదాని సారము నిట్లు నిర్ణయింపవచ్చును. నవల చదువుట పాపమా కాదా యనునది మొదటి ప్రశ్న గాదు. కడపటి పుట చదివి మూసినప్పుడు ఆ వ్రేలు ఎవరి వంకకు తిరిగియున్నదనునదే ప్రశ్న. ఈ తూనికకు తోడుగా విద్యార్థులకు కొన్ని హితవులు చెప్పెదము.

ఉదయమున వాక్యమును, పగటివేళ పాఠములను ముగించిన పిమ్మట మిగిలిన కాలమునందే నవలను చేతబట్టుడు. గడియారమును చూచి మొదలుపెట్టి, గడియారమును చూచి మూయుడు. హంతకుడు ఱేపటివఱకు ఎచ్చటికిని పాఱిపోడు. తల్లియెదుట బిగ్గఱగా చదువజాలని పుటను ఒంటరిగా చదువకుడు. చచ్చినవానికై కన్నీరు కార్చువా డొక్కడైనను కథలో కలడేమో వెదకుడు. లేకున్న, మీరే యొక్క నిమిష మాగి, ఇతడును ఒక తల్లికి కుమారుడే గదా యని తలచుడు. అపరాధి పట్టుబడగనే సంతోషించి యూరకుండక, ఆ యపరాధమునకు విత్తన మేదో పేరుపెట్టి చెప్పుడు: ధనాశయా, అసూయయా, అవమానభయమా? పిమ్మట ఆ విత్తనము మీ పెట్టెలో నున్నదేమో విప్పి చూచుకొనుడు. ఈ తనిఖీని పర్యవేక్షకులు చేయజాలరు. అన్నిటికంటె ముఖ్యముగా, చదివినదానిని దాచకుడు. దాచవలసినదని మీ మనస్సే చెప్పిన పుస్తకమునకు మీరే తీర్పు చెప్పియున్నారు.

పెద్దలకును, తోడి యుపాధ్యాయులకును మా విన్నప మొక్కటియే. పిల్లవాని చేతిలోని పుస్తకమును లాగికొనుటకు ముందు పది పుటలైనను చదువుడు. చదివినవాని "వద్దు" అను మాటకు బరువు గలదు. చదువనివాని మాటను పిల్లలు వెంటనే కనిపెట్టుదురు. వారు పరిశోధక నవలలు చదివినవారు గదా! గ్రంథాలయములో మంచి కథల కొక బీరువా నుంచి, దాని తాళమును మీయొద్ద గాక బీరువాకే ఉంచుడు.

కొన్ని సంవత్సరముల క్రిందట పదవ తరగతి జవాబుపత్రముల మూల్యాంకనమునకై పట్టణమునకు పోయినప్పుడు, కాలిబాటమీది పాతపుస్తకముల దుకాణమున నొక నవల మాకంట బడెను. అవే ఎఱ్ఱని యక్షరములు, అదే పిస్తోలు, నోరు తెఱచిన ఆ స్త్రీయే. కొని బసకు తెచ్చి మొదలుపెట్టితిమి. ముగించి తల యెత్తునప్పటికి భోజనశాల మూయబడియుండెను. ఆ నవలలో అశ్లీలము లేదు, మంత్రతంత్రములు లేవు. వెల తక్కువ కాగితముపై తొందరగా వ్రాసిన సామాన్యమైన కథ. హంతకుడు ఊరిలో నందఱిచేతను గౌరవింపబడు పెద్దమనుష్యుడు. తన పేరు చెడునను భయముతో నిరపరాధియగు నొక బీదపిల్లవానిపై నేరము మోపినవాడు. ఆ పుటను చదువునప్పుడు వ్రేలు మెల్లగా తిరిగి మావంకకు వచ్చెను.

ఆ పుస్తకము నేటికిని మా బల్ల సొరుగులో నున్నది. దానిని పుచ్చుకొనవలసినవాడు ఎక్కడ నున్నాడో మే మెఱుగము. ఈ సంచిక యెన్నడైన నతని కంటబడిన యెడల, అతడు వచ్చి తన పుస్తకమును తీసికొనవలెనని కోరుచున్నాము. హంతకు డెవడో మేము చెప్పము. ఆ పది పుటలను అతడే చదువవలెను. మేము చెప్పవలసినది వేఱొకటి యున్నది. దానిని అతనితోనే చెప్పెదము.